కువైట్ విమానాశ్రయములో మొదటి గంట



మా దివిసీమ పల్లెల్లో ఎవరైనా దూరదేశము వెళ్ళేటప్పుడు, ప్రయాణానికి ముందురోజు రాత్రి పాస్టరుగారింటికి వచ్చి ప్రార్థన చేయించుకొని వెళ్ళడం వాడుక. తల్లి ముందు నడుస్తుంది. వెళ్ళే కూతురో కోడలో వెనుక వస్తుంది, చంకలో పిల్లవాడు. అందరూ చాపమీద కూర్చుని కండ్లు మూసుకుంటారు. నేను మాత్రం, “కండ్లు తర్వాత మూసుకుందాం, ముందు కాగితాలు ఇటివ్వమ్మా” అంటాను. అయ్యగారు పాస్‌పోర్టు ఆఫీసు పెట్టారని మా యౌవనస్థులు నవ్వుకుంటారు. నవ్వుకోనివ్వండి.

గల్ఫ్ వెళ్ళినవారి కష్టములను గూర్చి మనం మాట్లాడుకునేటప్పుడు యజమాని ఇంటినుండి మొదలుపెడతాం. జీతం ఇవ్వలేదు, తిండి సరిగా పెట్టలేదు, ఫోను లాక్కున్నారు అని. నిజమే. కాని వెళ్ళి వచ్చిన మన సహోదరీలు కూర్చుని నిదానముగా చెప్పినది విన్నప్పుడు నాకు తోచినది వేరు. విమానము దిగి యజమాని కారు ఎక్కేదాకా ఒక గంటో రెండు గంటలో ఉంటుంది చూడండి, చాలా కథలు అక్కడే మలుపు తిరుగుతున్నవి. ఆమె ఎవరి చేతికి వెళ్ళినది, ఏ ఇంటికి వెళ్ళినది, ఇంటిదగ్గర ఎవరికైనా తెలిసినదా? తర్వాత అందవలసిన సహాయమంతా ఈ ప్రశ్నల జవాబుమీదనే ఆధారపడి ఉంటుంది.

నాగాయలంక వైపు ఒక కుటుంబమును నేనెరుగుదును. కూతురు వెళ్ళిన రెండు నెలలకు ఫోను ఆగిపోయింది. “ఎక్కడుందమ్మా?” అంటే తల్లి, “కువైట్‌లో సేటుగారింట్లో అయ్యగారూ” అన్నది. ఆ సేటు పేరేమి? తెలియదు. వీసా కాగితము జిరాక్సు ఉన్నదా? ఏజెంటు దగ్గర ఉన్నది. ఏజెంటు ఫోను పలకదు. ఆ బిడ్డ జాడ తెలియడానికి పట్టిన కాలములో ఆ తల్లి సగమైపోయింది. అదే ఏడు మరొక ఇంటివారు రెండు జిరాక్సు కాగితములు పట్టుకొని వచ్చారు. యజమాని పేరు, అతని సివిల్ ఐడీ నంబరు, వీసా నంబరు అన్నీ అందులో ఉన్నవి. రాయబార కార్యాలయమునకు రాయగలిగాము, వారు యజమానిని పిలిపించగలిగారు. రెండు ఇండ్ల మధ్య తేడా రెండు రూపాయల జిరాక్సు.

కాబట్టి మొదట వీసాను గూర్చి చెబుతాను. కువైట్‌లో ఇంటిపనికి ఇచ్చేది ఇరవయ్యో నంబరు వీసా, మనవాళ్ళు కద్దామా వీసా అంటారు. కంపెనీలకు, షాపులకు ఇచ్చేది పద్దెనిమిదో నంబరు. “ఆస్పత్రిలో ఆయా పని”, “బట్టలకొట్టులో పని” అని ఏజెంటు చెప్పి, కాగితముమీద 20 అని ఉంటే ఆమె వెళ్ళేది ఇంటిపనికే. ఇంటిపని తక్కువ పని అని నేననను. వెళ్ళేది దేనికో తెలిసి వెళ్ళాలి, అంతే. మగపిల్లలు ఇంటి డ్రైవర్లుగా వెళ్ళేదికూడా ఈ ఇరవయ్యో నంబరు మీదనే.

ఇంకొక మోసము ఉన్నది, దీన్నిగూర్చి నాకు కోపము. పదవ తరగతి పాసుకాని వారి పాస్‌పోర్టు ఈసీఆర్ పాస్‌పోర్టు. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టము ప్రకారము అట్టివారు గల్ఫ్‌కు పనికి వెళ్ళాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. ఈసీఆర్ పాస్‌పోర్టుతో ఇంటిపనికి వెళ్ళే స్త్రీకి 30 ఏండ్లు నిండి ఉండాలి. 2016 నుండి అట్టి స్త్రీలను ప్రైవేటు ఏజెంట్లు పంపరాదు, ప్రభుత్వ సంస్థల ద్వారానే వెళ్ళాలని కేంద్రప్రభుత్వము నియమము పెట్టినది. మన రాష్ట్రములో అందుకొరకు ఓంక్యాప్ అనే సంస్థ ఉన్నది. ఇదంతా ఆలస్యమని ఏజెంటు ఏమి చేస్తాడు? విజిట్ వీసామీద దుబాయికో మస్కట్‌కో ఎక్కించి, అక్కడినుండి కువైట్ చేరుస్తాడు. “కౌంటరు దగ్గర అడిగితే అక్కను చూడబోతున్నానని చెప్పు” అని నేర్పిస్తాడు. అట్లా వెళ్ళిన బిడ్డకు ఒప్పందపత్రము లేదు, భీమా లేదు, మన ప్రభుత్వపు లెక్కలో ఆమె పనికి వెళ్ళినట్టే లేదు. నేరుగా వెళ్ళేవారికి ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉన్నది. రెండేండ్లకు 275 రూపాయలు, పన్ను అదనము. ప్రమాదవశాత్తు మరణిస్తే కుటుంబానికి 10 లక్షలు. ఏజెంటుకు లక్ష అప్పుచేసి ఇచ్చేవారు ఈ 275 దగ్గర వెనుకాడడం నాకు అర్థము కాదు.

ఇక దిగిన తర్వాత సంగతి. కొన్ని సంవత్సరముల క్రితము అక్కడి తెలుగువారు పిలువగా నేను కువైట్ వెళ్ళాను. శంషాబాదులో ఎక్కినప్పుడు నా వరుసలోనే ముగ్గురు స్త్రీలు, మన గోదావరి జిల్లాలవారు. విమానములో గలగల మాట్లాడిన వారు దిగి ఆ పొడుగాటి నడవలోకి వచ్చేసరికి మాట పడిపోయింది. బోర్డులన్నీ అరబ్బీ, ఇంగ్లీషు. జనము ఎటు పోతే అటు పోవడమే. ముందు ఇమిగ్రేషన్ కౌంటరు. పాస్‌పోర్టు, వీసా కాగితము చూపాలి. వేలిముద్రలు, ముఖము ఫోటో తీస్తారు. భయపడవలసినది ఏమీ లేదు, అందరికీ తీస్తారు. అడిగినదానికి మాత్రమే జవాబు, చేతిలో ఉన్న కాగితము ప్రకారమే జవాబు. తర్వాత సామాను వచ్చే బెల్టు. అన్ని పెట్టెలు ఒకేలాగ ఉంటవి గనుక ఎర్రగుడ్డ పీలిక కట్టుకొమ్మని మావాళ్ళకు చెబుతాను. ఆపైన సామాను మిషన్‌లో పెట్టి చూస్తారు.

ఇంటిపనికి వచ్చిన స్త్రీలు చాలాసార్లు తమంతట తాము బయటికి వెళ్ళిపోవడానికి ఉండదు. యజమానిగాని, మక్తబ్ అని పిలిచే అక్కడి ఏజెన్సీ ఆఫీసు మనిషిగాని వచ్చేదాకా వేచియుండాలి. ఒక్కోసారి అరగంట, ఒక్కోసారి తెల్లవారిపోతుంది. ఆకలి వేస్తుంది, చలువ మిషన్ల చలికి వణుకు వస్తుంది. చేతిసంచిలో ఒక శాలువ, నాలుగు చపాతీలు పెట్టుకోవాలి. ఇవి చిన్న సంగతులే, ఆ రాత్రి మాత్రం చిన్నవి కావు. నాతో వచ్చిన ముగ్గురిలో ఇద్దరిని తీసుకుపోయారు. నేను బయటికి వచ్చేటప్పటికి మూడవ ఆమె గోడవైపు కుర్చీలో పెట్టె ఒడిలో పెట్టుకొని కూర్చునే ఉన్నది.

వచ్చిన మనిషి మొట్టమొదట అడిగేది పాస్‌పోర్టు. కువైట్‌లో 2015లో ఇంటిపనివారి కొరకు 68వ నంబరు చట్టము వచ్చింది. పనివారి సమ్మతి లేకుండా యజమాని వారి పాస్‌పోర్టు దగ్గర పెట్టుకోకూడదు, రోజుకు 12 గంటలకు మించి పని ఉండకూడదు, వారానికొక రోజు సెలవు ఇవ్వాలి అని అందులో ఉన్నది. 2016లో కనీస జీతము 60 దీనార్లుగా నిర్ణయించారు. చట్టము మంచిదే. కాని అర్ధరాత్రివేళ, భాష తెలియని చోట, ముక్కుమొగము తెలియని మనిషి చేయి చాచినప్పుడు, మన బిడ్డ 68వ నంబరు చట్టము చదివి వినిపించగలదా? ఇవ్వనని అక్కడ గొడవ పెట్టుకోమని నేను చెప్పను. పాస్‌పోర్టు చేయిదాటుతుందని ముందే అనుకొని సిద్ధపడమంటాను. పాస్‌పోర్టు మొదటి, చివరి పుటలు, వీసా, ఒప్పందము, వీటి జిరాక్సులు మూడు జతలు తీయించాలి. ఒకటి పెట్టె అడుగున, ఒకటి బొడ్లో దోపుకొనే చిన్న సంచిలో, ఒకటి ఇంటి దగ్గర.

1990 ఆగస్టులో ఇరాక్ సైన్యము కువైట్‌లో ప్రవేశించినప్పుడు లక్షా డెబ్బైవేల మందికి పైగా భారతీయులను జోర్డాను దేశపు అమ్మాన్ పట్టణమునుండి ఎయిరిండియా విమానములు ఇంటికి చేర్చినవి. అంత గందరగోళములో ఒక మనిషి ఎవరో రుజువు చేసేది కాగితము ముక్కే. అది ఎవరి బీరువాలో ఉన్నది అన్నది శాంతికాలములో చిన్న విషయముగా కనబడుతుంది.

ఫోను నంబర్లు ఫోనులో ఉంటే చాలదు, ఫోను పోతే అన్నీ పోతవి. కాగితముమీద పెన్నుతో రాయాలి. ఇంటి నంబరు ముందు 0091 చేర్చి రాయాలి, అది మరచి ఎంతోమంది కలవలేదని ఏడుస్తారు. కువైట్‌లో పోలీసుకుగాని అంబులెన్సుకుగాని 112. మన రాయబార కార్యాలయపు నంబరు కూడా ఆ కాగితముమీదనే ఉండాలి. ఆపదలో ఉన్న ఇంటిపని స్త్రీలకు తలదాచుకొనే చోటు అక్కడ ఉన్నది.

సామానును గూర్చి మన అత్తలకు, అమ్మలకు ఒక మాట. ఆవకాయ పెట్టండి, మూత బిగించి రెండు కవర్లలో చుట్టండి. మసాలాపొడి కొట్టేటప్పుడు మాత్రం గసగసాలు వేయకండి. మన కోడికూరలో వేసే గసగసాలు సౌదీ, ఎమిరేట్స్ వంటి గల్ఫ్ దేశములలో మత్తుమందు కింద లెక్క. గల్ఫ్‌లో ఏ దేశము వెళ్ళినా వద్దు. నొప్పులకు, నిద్రకు వాడే బిళ్ళలుంటే డాక్టరుగారి చీటీ వెంట ఉండాలి. మరొకరు “మా తమ్ముడికి ఇవ్వమ్మా, పచ్చడే” అని ఇచ్చిన మూట, విప్పి చూడకుండా తీసుకోవద్దు. విప్పి చూసినా తీసుకోకపోతే మరీ మంచిది. వాళ్ళు నొచ్చుకుంటారు. నొచ్చుకోనీ. మిషన్‌లో మత్తుమందు దొరికితే పట్టుకునేది మోసినవారినే, పంపినవారిని కాదు.

డబ్బు సంగతి. కువైట్ దీనారు ఒక్కటి మన 250 రూపాయలకు పైమాటే, దానికి 1000 ఫిల్సులు. అంకె చిన్నదిగా కనబడుతుంది గనుక చిల్లర అనుకొని సామాను తోసినవాడికి అయిదు దీనార్ల నోటు ఇచ్చివచ్చిన మనిషి మా మండలములోనే ఉన్నాడు. రెండు మూడు దీనార్లు విడిగా చేతిలో ఉంచుకుంటే చాలును.

ఈ మాటలు రాస్తుంటే నాకు మన బందరు గుర్తుకు వస్తున్నది. 1611లో గ్లోబ్ అనే ఆంగ్లేయుల ఓడ మచిలీపట్నము వచ్చింది. పెద్ద ఓడలు ఒడ్డుకు రాలేవు, దూరాన లంగరు వేసి మనుషులు చిన్న పడవలలో దిగవలసినదే. దిగినవారికి భాష రాదు, సుంకమెంతో తెలియదు, దుబాసీ ఏమి చెబితే అదే. ఆనాడు మన రేవున దిగి బిక్కమొగము వేసినవారు వాళ్ళు, ఈనాడు పరాయి రేవున మన బిడ్డలు. 1841లో బందరు వచ్చిన నోబుల్ దొరగారు, ఫాక్స్ దొరగారు తెలుగు నేర్చుకోవడానికి కూర్చున్నారు. దుబాసీ మీద ఎన్నాళ్ళు ఆధారపడతారు? నేనైతే మావాళ్ళకు నాలుగు అరబ్బీ మాటలు నేర్పిస్తాను. మాయ్ అంటే నీళ్ళు. జవాజ్ అంటే పాస్‌పోర్టు. మరీదా అంటే ఒంట్లో బాగాలేదని ఆడమనిషి చెప్పుకునే మాట. సఫారా అంటే రాయబార కార్యాలయము. ఈ చివరి మాట నోటికి బాగా రావాలి.

అక్కడ వారపు సెలవు శుక్రవారము, శనివారము. అందుచేత మన భాషలవారి ఆరాధనలు ఎక్కువగా శుక్రవారమే జరుగుతవి. కువైట్ పట్టణములోని నేషనల్ ఇవాంజెలికల్ చర్చి ఆవరణలో పలు భాషల సహవాసములు కూడుకుంటవి. సెలవు దొరికిన సహోదరి అక్కడికి చేరగలిగితే తనను పేరుపెట్టి పిలిచే మనుషులు నలుగురు ఉంటారు. సెలవే దొరకని వారు కూడా ఎంతోమంది ఉన్నారని మరువవద్దు.

ఇక ఇంటి దగ్గర ఉండేవారి పని. మా సంఘములో ఒక నోటుబుక్కు పెట్టాము. వెళ్ళేవారి పాస్‌పోర్టు నంబరు, వీసా నంబరు, యజమాని పేరు, మక్తబ్ పేరు, ఏజెంటు పేరు, అతనికి ఇచ్చిన సొమ్ము, విమానము దిగే గంట. చివరి గడి ఖాళీగా ఉంటుంది, అది మొదటి ఫోను వచ్చిన గంట కొరకు. కువైట్ గడియారము మనకంటే రెండున్నర గంటలు వెనుక. అక్కడ రాత్రి పదకొండు అంటే మనకు ఒంటిగంటన్నర. ఈ లెక్క తెలియక తెల్లవార్లూ గుండెలు బాదుకొన్నవారున్నారు. దిగిన నాలుగైదు గంటలవరకు ఓపిక పట్టండి. ఆపైన ఏజెంటుకు చేయండి, మక్తబ్‌కు చేయండి. మరునాడు మధ్యాహ్నానికి కూడా కబురు లేకపోతే ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రమునకు 1800 11 3090 నంబరుకు చేయండి, మన దేశములో దానికి ఖర్చు లేదు. ఊరిలో పరువు పోతుందని దాచిపెట్టకండి. ఫోను వచ్చినప్పుడు ఏడుపులు కాసేపు ఆపి, ఏ ప్రాంతములో ఉన్నావమ్మా అని ముందు అడగండి. సాల్మియా, హవల్లీ, ఫర్వానియా, జహ్రా, ఆమె నోటికి ఎట్లా వస్తే అట్లానే ఆ గడిలో రాయండి. స్పెల్లింగు తర్వాత చూసుకోవచ్చు.