మొదటి పర్వతయాత్రకు డబ్బు ఎక్కడ ఖర్చు చేయాలి?

పర్వతయాత్ర సామగ్రి అమ్మే దుకాణంలో ప్రతి వస్తువూ తప్పనిసరి అన్నట్లే కనిపిస్తుంది. శరీరానికి మాత్రం వాటిలో కొన్నే అవసరం. ఈ తేడా తెలుసుకుంటే పరిమితమైన డబ్బుతోనూ మొదటి యాత్రకు సిద్ధం కావచ్చు.

డిగ్రీ చదువుతున్న మా మనవరాలు గత డిసెంబరులో స్నేహితురాలితో కలిసి ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠకు వెళ్ళింది. ఆ శిఖరం ఎత్తు సుమారు 12,500 అడుగులు. రైలు, గైడు ఖర్చులు పోను సామగ్రికి ఆమె దగ్గర మిగిలింది 10,000 రూపాయలు. ఖరీదైన జాకెట్టు, పెద్ద సంచి కొంటే ఆ డబ్బంతా అయిపోయేది. "బూట్లకేముంది తాతయ్యా, కాలేజీకి వేసుకునేవి చాలవా?" అని అడిగింది. ఇద్దరం కూర్చుని జాబితాను పాదాల నుంచి మొదలుపెట్టి తిరగరాశాం.

బూట్లకు 3,500 కేటాయించాం. సాయంత్రానికి పాదాలు కొద్దిగా ఉబ్బుతాయి కనుక బూట్లు ఆ వేళలోనే, యాత్రలో తొడుక్కునే మందపాటి మేజోళ్ళతోనే సరిచూసుకోవాలి. వేళ్ళ ముందు బొటనవేలు వెడల్పంత ఖాళీ ఉండాలి. లేకపోతే దిగేటప్పుడు గోళ్ళు బూటుకు కొట్టుకుని కింద రక్తం గడ్డకడుతుంది. కొన్న తరువాత రెండు మూడు వారాలు ఊళ్ళోనే వేసుకుని నడవాలి. కొత్త బూట్లతో నేరుగా కొండెక్కితే మొదటి రోజే బొబ్బలు తప్పవు.

సంచి కొత్తది కానక్కరలేదు. కాలేజీలో సీనియరు వాడినది 1,000 రూపాయలకు దొరికింది. చూడవలసింది దాని కొలత. తల వంచినప్పుడు మెడ మొదట్లో పొడుచుకువచ్చే వెన్నుపూస నుంచి తుంటి ఎముకల పై అంచు దాకా వీపు పొడవు కొలవాలి. సంచి దానికి సరిపోవాలి, నడుముపట్టీ గట్టిగా ఉండాలి. బరువులో ఎక్కువ భాగం భుజాలపై కాక తుంటిపై పడాలి. మొత్తం బరువు మన శరీరం బరువులో ఐదో వంతు మించకపోవడం మంచిది. లోపల పెద్ద ప్లాస్టిక్ కవరు పరిస్తే వానకు బట్టలు తడవవు.

దుస్తుల్లో వద్దనవలసింది నూలు. చెమటకు తడిసిన నూలుబట్ట త్వరగా ఆరదు, ఒంటి వేడిని లాగేస్తుంది. శరీర ఉష్ణోగ్రత 35 డిగ్రీల సెల్సియస్ కంటే తగ్గితే ప్రాణాపాయం కలగవచ్చు. ఉన్ని తడిసినా కొంత వెచ్చదనాన్ని నిలుపుతుంది. అందుకే అమ్మమ్మ అల్లిన పాత స్వెట్టరు పెట్టెలోంచి బయటికి వచ్చింది. త్వరగా ఆరే లోదుస్తులు, మేజోళ్ళు, వానకోటు కలిపి 1,800 అయ్యాయి. మందపాటి జాకెట్టు, చేతికర్రలు, మంచులో జారకుండా బూట్లకు తగిలించుకునే ముళ్ళపట్టీలు యాత్ర మొదలయ్యే సాంక్రీ గ్రామంలో అద్దెకు దొరుకుతాయి. వాటికి 1,200 చాలాయి.

మిగిలిన 2,500తో ఏమీ కొనవద్దన్నాను. అది వెనక్కి తిరగడానికి దాచుకోవలసిన డబ్బు. సుమారు 2,500 మీటర్ల ఎత్తు దాటిన తరువాత కొందరికి తలనొప్పి, వికారం, నిద్రలేమి కలుగుతాయి. ఎంత బలమైన యువకులైనా దీనికి అతీతులు కారు. లక్షణాలు ఉండగా ఇంకా పైకి వెళ్ళకూడదు. అవి తగ్గకపోయినా, పెరిగినా వెంటనే కిందికి దిగాలి. చేతిలో డబ్బు లేనివారు ఈ నిర్ణయాన్ని వాయిదా వేస్తారు. ప్రమాదం అక్కడే మొదలవుతుంది.

రెండో మజిలీలో స్నేహితురాలికి తలనొప్పితో పాటు వాంతులు మొదలయ్యాయి. మరునాడు గైడు సహాయకుణ్ణి తోడు తీసుకుని ఇద్దరూ దిగివచ్చారు. సాంక్రీలో ఒక రాత్రి బసకు, డెహ్రాడూన్ దాకా జీపుకు ఆ డబ్బే ఉపయోగపడింది. కిందికి చేరేసరికే ఆ అమ్మాయి తేరుకుంది. శిఖరం మాత్రం ఇద్దరూ చూడలేదు.

బూట్లు ఇప్పుడు పాదాలకు బాగా అలవాటుపడ్డాయి. వచ్చే డిసెంబరుకు కొత్తగా కొనవలసింది ఏమీ లేదు. ఆ 2,500 మళ్ళీ కూడబెట్టుకుంటే చాలు.