రాజ్యము లేని జాతికి కవి

భూపటమునుండి దేశము చెరిగిపోయిన పిమ్మట ఆ జాతి యెక్కడ నుండును? పాఠశాలలో ఐరోపాచరిత్ర చెప్పవలసి వచ్చినప్పుడెల్ల ఈ ప్రశ్న మమ్ము పట్టి నిలుపుచుండును. 1772, 1793, 1795 సంవత్సరములలో రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా ప్రభువులు పోలెండును మూడు విడతలుగా పంచుకొనిరి. 1918 వఱకు దానికి పూర్ణస్వాతంత్ర్యము లేదు. 1830, 1863 సంవత్సరములలోని తిరుగుబాటులు విఫలములైనవి. అయినను జాతి నశింపలేదు. దానిని నిలిపినవానిలో భాష యొకటి. ఆ భాషకు ప్రాణము పోసినవారిలో అగ్రగణ్యుడు ఆడమ్ మిత్స్కియేవిచ్.

ఈతడు 1798లో, నేటి బెలారస్ దేశమునకు జేరిన నవహ్రుదాక్ ప్రాంతమున జన్మించెను. విల్నియస్ విశ్వవిద్యాలయమున జదివి, కౌనస్ పట్టణమున బడిపంతులుగా నుండెను. మా వృత్తివాడగుటచే గాబోలు, అతనియందు మాకు విశేషాభిమానము. రహస్యవిద్యార్థిసంఘమున జేరిన నేరమునకు 1823లో చెరసాల పాలై, మఱుసటి యేట రష్యాకు బంపబడెను. మరల జన్మభూమిని జూడలేదు. వార్సా నగరమును ఎన్నడును చూచి యెఱుగడు.

1834లో ప్యారిస్ నగరమున వెలువడిన ఆతని 'పాన్ తదేయుష్' పోలిష్ జాతీయకావ్యము. కాని కావ్యారంభమున కవి పిలిచినది పోలెండును గాదు, లిథువేనియాను! అందలి వస్తువు రాజుల దిగ్విజయములు గావు; పల్లెటూరి భూస్వాముల కలహములు, వేట, అడవిలో పుట్టగొడుగు లేఱుట, కాఫీ కాచుట. ఇల్లు విడిచినవానికే యింటి చప్పుళ్లన్నియు వినబడును. ఆ చప్పుళ్లను విని చదువరులు తమ దేశము నానవాలు పట్టిరి.

భాషాభిమానము పరద్వేషమునకు దారితీయునని మిత్రులు కొందఱు మమ్ము మందలింతురు. వారి భయము నిరాధారము గాదు. ఈ కవియే తన జాతిబాధలను క్రీస్తుశ్రమలతో బోల్చి, లోకోద్ధరణభారము దానికే విధింపబడెనని తలచెను. ఆ తలంపును మేమంగీకరింపజాలము. అయినను ఆతని కావ్యాంతమున, జాతి కథనంతయు తంత్రీవాద్యముపై వినిపించువాడు యాంకియేల్ అను యూదుడు, పూటకూళ్లయింటి యజమానుడు. 1848లో రోమునందు కవి కూర్చిన సేనాదళపు ప్రతిజ్ఞలో యూదులకును స్త్రీలకును సమానహక్కు లుద్ఘాటింపబడినవి. ఆ కాలమున నట్లు పలికిన దేశభక్తు లెందఱు?

1855లో కాన్‌స్టాంటినోపిలున మరణించిన ఆతని యస్థులు 1890లో క్రాకోవ్ నగరమందలి రాజుల సమాధుల చెంతకు జేరినవి. 1940లో జర్మనులు ఆ నగరమున ఆతని విగ్రహమును పడగొట్టిరి. 1968లో ఆతని నాటకప్రదర్శనమును వార్సాలో నిషేధింపగా విద్యార్థులు వీథుల కెక్కిరి. చనిపోయిన కవికి పాలకులు వెఱచుట ఇట్లుండును.

నేడు పోలెండు, లిథువేనియా, బెలారస్ మూడును ఆతనిని తమవానిగా జెప్పుకొనుచున్నవి. ఏ గీతకు నావల బుట్టెనో యనుటకంటె, ఆతని వాక్కున నెవ్వరికి జోటు దొరకెనో యనుటయే మాకు ముఖ్యము. మన బిడ్డలకు మాతృభాష నేర్పునప్పుడు, పొరుగువాని వాద్యమును వినగల చెవిని గూడ నేర్పవలెనని మా మనవి.