రెండు టిన్నులు పట్టించాం, చల్లదనం మాత్రం రాలేదు

ఇది కాస్త పొడుగు పోస్టు, అదీ కారు ఏసీ గురించి. మనలో కారున్నోళ్లు ఎంతమంది అని నవ్వుకోకండి. కారు లేకపోయినా ఆదివారాలు షెడ్లలో పనిచేసేవాళ్లు ఈ గ్రూపులో చాలామందే ఉన్నారు. మేము ముగ్గురం కూడా అంతే. విశాఖలో హాస్టల్‌లో ఉంటూ సెలవు రోజుల్లో ఒక ఏసీ షెడ్డుకి వెళ్తాం. పరీక్ష ఫీజు, ఫోన్ రీఛార్జ్ అక్కడి నుంచే వస్తాయి. షెడ్డు పేరు, మేస్త్రీ పేరు ఇక్కడ చెప్పం. జరిగిన తప్పులో మాకూ వాటా ఉంది.

ఏప్రిల్‌లో ఎస్.కోట నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు తన పాత మారుతి 800 తెచ్చారు. ఆశ్రమ పాఠశాలల్లో పనిచేసిన మనిషి, మాలో ఒకడికి ఐదో తరగతిలో లెక్కలు చెప్పారు. అమ్మగారిని వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి విశాఖ తీసుకురావాలి. అది అయ్యాక నీరసంగా ఉంటుంది, పైగా తిరుగు ప్రయాణం మిట్టమధ్యాహ్నం. ఆ వేడికి ఆవిడకి కళ్లు తిరుగుతున్నాయట.

ఆ కారు ఏసీ ఆర్-12 గ్యాస్ కోసం చేసింది. ఓజోన్ పొరను తినేస్తుందని 1987లో మాంట్రియల్ ఒప్పందం జరిగాక ఆ రకం గ్యాసుల్ని ప్రపంచమంతా మెల్లగా ఆపేశారు, మనలాంటి దేశాలకు 2010 ఆఖరి గడువు. అందుకని పాత కార్లను ఆర్-134ఏకి మారుస్తారు. మేస్త్రీ ఆ పని చాలావరకు శుభ్రంగానే చేశాడు. పాత ఆయిల్ తీసేశాడు, ఎందుకంటే ఆర్-12తో వాడే మినరల్ ఆయిల్ 134ఏలో కలవదు. ఎస్టర్ ఆయిల్ పోశాడు. డ్రయర్ కొత్తది, ఓ-రింగులు కొత్తవి. వ్యాక్యూమ్ పట్టాక గ్యాస్ ఎక్కించే పని మాకిచ్చాడు. "గాజులో బుడగలు పోయేదాకా పట్టించండిరా" అని టీకి పోయాడు.

డ్రయర్ మీద చిన్న గాజు కన్ను ఉంటుంది కదా, అందులోకి తొంగి చూస్తూ కూర్చున్నాం. ఒక టిన్ను అయిపోయింది, ఇంకా బుడగలే. రెండోది పెట్టాం. "ఇంకొంచెం పట్టుద్ది" అన్నది మేమే. అది కూడా ఖాళీ అయింది. మాస్టారు డబ్బులిచ్చి, మా భుజాలు తట్టి వెళ్లిపోయారు.

మూడు రోజులకే మళ్లీ వచ్చారు. రోడ్డు మీద స్పీడులో పర్వాలేదు, ఆగితే వేడిగాలి. మేస్త్రీ గేజీలు పెట్టి చూసి "కంప్రెషర్ వీక్ అయిపోనాది, 15 వేలవుద్ది" అన్నాడు. మాస్టారు ఏమీ అనలేదు. పెన్షన్ పడ్డాక చూద్దాం అన్నారు. మేమూ నోరెత్తలేదు.

కానీ గేజీల ఫోటో మా ఫోన్‌లో ఉంది. ఆ రాత్రి హాస్టల్‌లో దాన్నే చూస్తూ కూర్చున్నాం. లో సైడ్ 60 పీఎస్ఐ, హై సైడ్ 340. బయట ఎండ 36 డిగ్రీలు. అక్కడే ఆగిపోయాం. కంప్రెషర్ నిజంగా వీక్ అయితే హై సైడ్ ఎక్కదు కదా! లో సైడ్ ఎక్కువుండి, హై సైడ్ తక్కువుండాలి. గ్యాస్ తక్కువైతే రెండు ముళ్లూ కిందే ఉంటాయి. ఎక్స్‌పాన్షన్ వాల్వ్ మూసుకుపోతే లో సైడ్ బాగా పడిపోతుంది. రెండూ పైకి పోయాయంటే గ్యాస్ ఎక్కువైనా ఉండాలి, లోపల గాలైనా ఉండాలి, లేదా కండెన్సర్ వేడిని బయటికి పంపలేకపోతూ ఉండాలి. షెడ్లలో పనిచేసేవాళ్లు ఇంకేది మర్చిపోయినా ఈ ఒక్కటి నోట్ చేసుకోండి, ఎవరో ఒకరి 15 వేలు మిగులుతాయి.

తర్వాత టిన్నుల లెక్క వేశాం. 134ఏకి మార్చినప్పుడు ఆర్-12 ఎంత పట్టేదో అందులో 80 నుంచి 90 శాతమే పెట్టాలి. కిలో అని రాసుంటే 850 గ్రాములు చాలు. ఈ కారు లెక్కకి ఒక టిన్ను దాటి కొంచెం, అంతే. మేము రెండూ దించేశాం. ఇంకో సంగతి కూడా తెలిసింది. గాజు కన్ను ఆర్-12కి పనికొచ్చే పద్ధతి. 134ఏ సరిపడా ఉన్నా ఆ గాజులో బుడగలు, పాలనురుగులా కనిపించొచ్చు. అవి పోయేదాకా పట్టిస్తే ఎక్కువైపోతుంది. మేస్త్రీ కన్ను పాతికేళ్లు ఆర్-12ని చూసిన కన్ను. మాది ఆయన మాటని చూసిన కన్ను.

ఇక్కడ మా మీద మాకే కోపమొచ్చింది. సంతలో షావుకారు చింతపండు బుట్ట చేత్తో ఎత్తి "పది కేజీలుంటాదిలే" అంటే మన అమ్మలు ఊరుకుంటున్నారా ఇప్పుడు? కాటా పెట్టమని నిలబడుతున్నారు. వాళ్ల పిల్లలం మేము, మాస్టారి గ్యాస్ కంటిచూపుతో తూచాం.

ఆదివారం భయపడుతూనే మేస్త్రీకి చెప్పాం. "ఏట్రా, నాలుగు వీడియోలు చూసి నాకు చెప్తారేటి" అని స్పానర్ బల్ల మీద పడేశాడు. పని పోయిందనే అనుకున్నాం. తప్పు ఆయనదని అనలేదు, టిన్నులు పట్టించింది మేమే అని మాత్రం అన్నాం. కాసేపటికి "బండి తెప్పించండి, చూద్దాం" అన్నాడు.

మాస్టారు వచ్చాక ముందు ఖర్చులేని పరీక్ష చేశాం. ఇంజిన్ నడుస్తుండగా కండెన్సర్ మీద పైపుతో మెల్లగా నీళ్లు చల్లాం. హై సైడ్ ముల్లు 340 నుంచి 270కి దిగింది, లోపల గాలి 20 డిగ్రీల నుంచి 15కి వచ్చింది. నీళ్లతో ఇంత తేడా వచ్చిందంటే కండెన్సర్‌కి గాలి చాలడం లేదన్నమాట. 134ఏకి ఎండలో ఆర్-12 కంటే ఒత్తిడి ఎక్కువ, పాత కండెన్సర్ దానికి అంతంతమాత్రమే. పైగా రేడియేటర్‌కి, దానికి మధ్య ఎండుటాకులు, పురుగులు, మట్టి పేరుకుని ఉన్నాయి. అన్నీ కడిగాం. వంగిన రేకుల్ని పాత టూత్‌బ్రష్షుతో, సన్న పుల్లతో నిలబెట్టాం. పూట పట్టింది.

గ్యాస్ గాల్లోకి వదిలేస్తే పోలా అన్నాడు మేస్త్రీ. 134ఏ ఓజోన్‌ని తినదు కానీ భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్ కంటే వెయ్యి రెట్లకు పైనే. రికవరీ మెషిన్ ఉన్న ఇంకో షాపుకి తీసుకెళ్లి తీయించాం. తర్వాత ముప్పావుగంట వ్యాక్యూమ్ పట్టి, ముల్లు కదలట్లేదని చూసుకుని, హాస్టల్ మెస్‌లో అన్నని బతిమాలి తెచ్చిన డిజిటల్ కాటా మీద టిన్ను పెట్టి గ్రాముల లెక్కన ఎక్కించాం. ఒక జాగ్రత్త: ఇంజిన్ నడుస్తూ టిన్ను తగిలించి ఉన్నప్పుడు హై సైడ్ వాల్వ్ తెరవకండి, టిన్ను పేలుతుంది. చేతికి గ్లౌజు, కళ్లకి అద్దాలు పెట్టుకోండి.

హై సైడ్ 240, లో సైడ్ 38. గాలి 14 డిగ్రీలు. మేము ఎగిరి గంతేశాం. మేస్త్రీ మాత్రం చెయ్యి గాలి దగ్గర పెట్టి "ఇంకా ఎక్కడో వేడి కలుస్తోంది" అన్నాడు. నేరుగా వెళ్లి హీటర్ నీళ్ల పైపుని క్లాంపుతో నొక్కాడు. గాలి 11కి దిగింది. హీటర్ వాల్వ్ కేబుల్ పూర్తిగా మూయట్లేదు, వేడినీళ్లు లోపలికి పోతూనే ఉన్నాయి. ఆ సంగతి మా ఫోటోలకీ, లెక్కలకీ అందలేదు, ఆయన అరచేతికి అందింది. కేబుల్ సరిచేయడానికి పది నిమిషాలు పట్టలేదు.

రెండో టిన్ను డబ్బులు మాస్టారికి తిరిగిచ్చేశాడు. మా కూలీలో కొయ్యలేదు. కాటా కొనమంటే ఇంకా కొనలేదు, "మీది పట్రండి" అంటున్నాడు. మెస్ అన్న తిడుతున్నాడు.

కొత్తబండిలా అయిపోయిందని చెప్పం. కొత్తవలసలో ట్రాఫిక్‌లో ఆగితే ఇప్పటికీ చల్లదనం తగ్గుతుంది, పాత కండెన్సర్ ఉన్నన్నాళ్లు అంతే. మాస్టారికి అదే చెప్పాం. ఆగినప్పుడు కొంచెం రేజ్ చేసి పెడుతున్నారట. పోయిన బుధవారం ఫోన్ చేశారు, అమ్మగారు పెందుర్తి దాటకముందే నిద్రపోయారని.