కోటింగ్ షాపు పనికి పోయేముందు

కొంచెం పెద్ద పోస్టు. ఇంటరో ఐటీఐయో అయిపోయి "పట్నంల ఏదో ఒక పని దొరికితే చాలు" అనుకుంటున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు చివరిదాకా చదవండి.

మేము బర్కత్‌పురలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నం. మా ఇళ్లల్లో కాలేజీ మెట్లెక్కిన మొదటోళ్లం మేమే. ఎక్కువమందిమి పాల్వంచ, మణుగూరు దిక్కు నుంచి వచ్చినోళ్లం. మా నాయినలు, బాబాయిలు కరెంటు ప్లాంటుల్లో కాంట్రాక్టు పని చేసినోళ్లే. షట్‌డౌన్ అంటే బాయిలర్ ఆపి లోపల రిపేర్ చేసే రోజులని చిన్నప్పటి నుంచి తెలుసు. ఎందుకు ఆపుతరో ఇక్కడికొచ్చి చదివినంకనే అర్థమైంది.

మన దేశపు బొగ్గులో బూడిద ఎక్కువ. నూరు కిలోలు కాలిస్తే సుమారు ముప్పై నలభై కిలోలు బూడిదే మిగులుతది. అందులో ఇసుకలో ఉండే సిలికా చాలా ఉంటది. వేడి గాలితో కలిసి ఆ బూడిద బాయిలర్ గొట్టాలను, పొగను లాగే పెద్ద ఫ్యాన్ల రెక్కలను రాత్రీ పగలూ గీకుతనే ఉంటది. గొట్టం పలచబడి చిల్లు పడితే యూనిట్ మొత్తం ఆపాల్సిందే.

ఇట్ల అరిగే ఇనుముకు గట్టి పూత వేసే పద్ధతుల్లో ఒకటి థర్మల్ స్ప్రే కోటింగ్. ఇది రంగు వేసినట్టు కాదు. లోహం పొడినో తీగనో మంటలో గానీ ప్లాస్మాలో గానీ కరిగించి, మంచి వేగంతో వస్తువు మీదికి కొడ్తరు. మన ఇళ్లల్లో పిడకలు చరుస్తరు కదా, పేడముద్ద గోడకు తగలంగనే చదునై అతుక్కుంటది. ఇదీ అంతే. ఒక్కో బొట్టు పడ్డచోటే చదునై, కన్ను మూసి తెరిచేలోపే గట్టిపడ్తది. దాని మీద ఇంకోటి, దాని మీద ఇంకోటి. మిల్లీమీటరులో నాలుగో వంతు మందం ఉన్న పూత కూడా చాలా పనులకు సరిపోతది. నున్నటి గోడకు పిడక నిలవదు. అందుకే ముందు గరుకు పొడిని గాలితో కొట్టి ఇనుమును గరుకు చేస్తరు. దాన్నే బ్లాస్టింగ్ అంటరు.

అరుగుడు ఆపాలంటే ఎక్కువగా టంగ్‌స్టన్ కార్బైడ్, కోబాల్ట్ కలిసిన పొడి వాడుతరు. తుప్పు ఆపాలంటే జింకు, అల్యూమినియం. రైల్వే వంతెనల ఇనుప గడ్డర్లకు కూడా అల్యూమినియం స్ప్రే చేస్తరు.

స్విట్జర్లాండ్‌లో మాక్స్ షూప్ అనే ఆయన 1910 ప్రాంతంలో ఈ విద్యకు దారి వేసిండు. ఇప్పుడది మనకు దూరమేం కాదు. మన హైదరాబాద్‌లోనే, బాలాపూర్‌లో ఏఆర్‌సీఐ అనే కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ ఉంది. అక్కడ డిటొనేషన్ స్ప్రే మీద ఏండ్ల తరబడి పని చేసిన్రు. గొట్టంలో ఆక్సిజన్, ఎసిటిలీన్ నింపి నిప్పురవ్వతో పేలిస్తే, ఆ పేలుడే పొడిని మోసుకపోయి వస్తువుకు కొడ్తది. ఆ పద్ధతిని ప్రైవేటు కంపెనీలకు కూడా ఇచ్చిన్రు.

ఇగ అసలు సంగతి. పోయిన ఎండాకాలం సెలవుల్లో ఒక కోటింగ్ షాపులో హెల్పర్ పని ఉందంటే మాలో ముగ్గురం పోయి చూసినం. స్ప్రే గన్నుకు వేరే గది, తలుపు, పొగ లాగే ఫ్యాన్ అన్నీ ఉన్నయి. బయట బ్లాస్టింగ్ చేసే పిల్లగానికి మాత్రం ముఖానికి తువ్వాలే దిక్కు. చెవులకు అదీ లేదు. మాస్క్ ఇస్తరా అని అడిగితే "వారం రోజులు చేస్తే అదే అలవాటైతది" అన్నరు. మేము చేరలే. ఆ కూలి డబ్బులు మాకు చిన్నవి కావు. పరీక్ష ఫీజులు వాటి మీదనే అనుకున్నం. "దొరికిన పని వదిలేసి వస్తిరి" అని ఇంట్ల మాటలు కూడా పడ్డం.

కానీ ఇసుకతో బ్లాస్టింగ్ చేస్తే లేచే సన్న దుమ్ము సిలికోసిస్ తెస్తది. అది వస్తే నయం కాదు. కోబాల్ట్, క్రోమియం పొగ కూడా ఊపిరితిత్తులకు చేటే. గన్ను చప్పుడు వంద డెసిబెల్స్ దాటుతది. ఫ్యాన్ రెక్క అరిగితే మళ్లీ పూత వేయొచ్చు, ఊపిరితిత్తికి వేసే పూత ఎక్కడా లేదు.

ఈ పనే వద్దని మేము అనట్లేదు. నేర్చుకునే పోదాం అంటున్నం. బూడిద మన ఊళ్ల మీద పడుతది, షట్‌డౌన్ కూలి మనోళ్లే చేస్తరు. మరి గన్ను నడిపేది, పూత మందం కొలిచేది, పట్టు పరీక్ష చేసేది ఎప్పుడూ వేరేటోళ్లే ఎందుకు? ఐటీఐలో ఫిట్టర్, వెల్డర్, పాలిటెక్నిక్‌లో మెకానికల్, మెటలర్జీ ఈ పనికి దగ్గరి దారులు. అప్రెంటిస్‌గా చేరితే స్టైపెండ్ కూడా వస్తది.

చేరేముందు నాలుగు మాటలు అడగండి. బ్లాస్టింగ్‌కు మంచి గాలి వచ్చే హుడ్ ఇస్తరా? చెవులకు ఏమిస్తరు? ఇసుక వాడుతరా, వేరే పొడి వాడుతరా? ఈఎస్ఐ, పీఎఫ్ ఎన్నడు మొదలుపెడ్తరు? మా హాస్టల్‌కు పీఎఫ్ ఆఫీసు నడిచిపోయే దూరమే. కంపెనీ డబ్బులు కట్టలేదనో, పేరు తప్పు పడిందనో కాగితాలు పట్టుకుని జిల్లాల నుంచి వచ్చే పెద్దమనుషులను చూస్తనే ఉంటం. నంబరు మొదటి నెలలోనే అడగాలె, పదేండ్ల తర్వాత కాదు.

అడ్మిషన్ల టైముకు ఎవరైనా బర్కత్‌పుర రండి. ఫారాలు మా హాస్టల్లోనే కూర్చుని నింపుదాం.