సీటు కింది డబ్బా

ఈసారి సియాసత్ లేదు, పకవాన్ లేదు. ఒక రేకు డబ్బా సంగతి చెప్తాను.

మా అబ్బాజాన్ దగ్గర మహీంద్రా సీజే-3బి జీపు ఉంది. అమెరికాలో విల్లీస్ వాళ్లు 1953లో తెచ్చిన నమూనా అది. ఇంజన్ ఎత్తు పెరగడంతో బానెట్ కూడా ఎత్తుగా పెట్టాల్సి వచ్చింది. అందుకే దూరం నుంచే గుర్తుపట్టొచ్చు. ఈ కంపెనీ తారీఖ్ అబ్బాకు నోటికొచ్చు. 1945లో పుట్టినప్పుడు దాని పేరు మహీంద్రా అండ్ మొహమ్మద్. ఆ మొహమ్మద్ అంటే మలిక్ గులామ్ మొహమ్మద్. తఖ్సీమ్ తర్వాత ఆయన పాకిస్తాన్‌కు మొదటి ఆర్థికమంత్రి అయ్యాడు. ఇక్కడ 1948లో కంపెనీ పేరు మహీంద్రా అండ్ మహీంద్రాగా మారింది. "పేరు పోయింది, బండి మిగిలింది" అని నవ్వేవాడు అబ్బా.

మా జీపులో డ్రైవరు సీటు కింద పెట్రోలు ట్యాంకు, పక్క సీటు కింద సామాన్ల డబ్బా. జాకీ, వీల్ స్పానరు, ప్లగ్గు పానా, చిన్న వైరు చుట్ట, అమ్మీ పాత దుపట్టా ముక్క, అన్నీ అందులోనే. మూడేళ్ల కింద ఒక రాత్రి ఎవరో బోల్టులు కోసి డబ్బాను సామాన్లతో సహా ఎత్తుకుపోయారు. అప్పటి నుంచి ఆ సీటు రెండు చెక్క ముక్కల మీద ఊగుతూ నిలబడింది. ఎలాగూ అబ్బా కూర్చునేది స్టీరింగ్ వెనకే కదా అని ఎవరూ పట్టించుకోలేదు.

పోయిన ఏడాది అబ్బాకు ఫాలిజ్ కొట్టింది. కుడి చెయ్యి సరిగ్గా లేవదు, మాట ముద్దగా వస్తుంది. ఈలోపు ఆపా బిడ్డకు నికా కుదిరింది. "జీపులోనే వస్తా" అని అబ్బా జిద్ పట్టాడు. నడపలేడు. అంటే ఆ ఊగే సీటులోనే కూర్చోవాలి. డబ్బా లేకుండా అది కుదిరే పని కాదు.

రాణీగంజ్ దుకాణాలన్నీ తిరిగాను. ఇంజన్ సామాను దొరికింది గానీ డబ్బా దొరకలేదు. చివరికి ఒక కబాడీ దుకాణంలో అసలైనదే కనబడింది. పాత ఆకుపచ్చ రంగు, మూత కూడా సలామత్‌గా ఉంది. రెండున్నర వేలు అన్నాడు. "ఎక్కడిది మియా?" అని అడిగితే, "ఆమ్ ఖావ్ భాయ్, పేడ్ మత్ గినో" అన్నాడు.

ఫోటో తీసి అబ్బాకు చూపించాను. చాలాసేపు చూశాడు. "బోల్టులు తిప్పి తీయలే. కోసిండ్రు. మనది గూడ గిట్లనే కోసుకపోయిండ్రు. ఇంకో ముసలోని సీటు కిందికెళ్లి తెచ్చింది నాకొద్దు బేటా."

తమ్ముడు ఊరుకోలేదు. "అసలు డబ్బా ఉంటేనే బండికి కీమత్ అబ్బా. మనం కొనకపోతే ఇంకొకరు కొంటరు."

"కొననీ. వాని హిసాబ్ వానిది."

అంతే, బహస్ ఖతం.

మేముండేది రెజిమెంటల్ బజార్‌లో. మూడో నిజాం సికందర్ జాహ్ పేరు మీద 1806లో సికింద్రాబాద్ వెలిసింది. అంగ్రేజీ పల్టన్ల చుట్టూ పెరిగిన బజార్ల పేర్లు ఇంకా అట్లాగే ఉన్నాయి. స్టేషన్‌కు దగ్గరి ఇరుకు గల్లీల్లో రేకు పని తెలిసిన ఉస్తాద్‌లు ఇంకా దొరుకుతారు. అట్లాంటి ఒక ఉస్తాద్‌ను ఇంటికి తీసుకొచ్చాను.

నమూనా లేదు కదా, కొలత ఎట్లా? ఆయన చాప తీసి ఫ్లోరు తుడిచాడు. డబ్బా ఉన్నచోట రంగు మిగిలింది, దాని చుట్టూ తుప్పు గీత కట్టింది. పోయిన వస్తువు తన కొలత వదిలిపోయింది. ముందు అట్టముక్కలతో డబ్బా కట్టి సీటు కింద పెట్టి చూశాడు. ఆ తర్వాతే 18 గేజు రేకు కోశాడు. మనిషి బరువు పడుతుంది కాబట్టి లోపల అంచులకు యాంగిల్ పట్టీ వేయించాడు. అడుగున నీళ్లు పోయేందుకు రెండు రంధ్రాలు పెట్టాడు. వెల్డింగంతా తన దుకాణంలోనే. పక్కనే పెట్రోలు ట్యాంకు ఉంటే బండి మీద నిప్పు పెట్టకూడదు. రెడ్ ఆక్సైడ్ కొట్టి, ఆరాక రంగు వేసి, రబ్బరు వాషర్లతో బోల్టులు బిగించాడు.

అబ్బా గల్లీలో కుర్చీ వేసుకుని ఎడమ చేత్తో సుద్దముక్క పట్టుకుని, మూతకు కబ్జాలు ఎక్కడ రావాలో గీసి చూపించాడు. ఆయన ముద్ద మాటలు ఇంట్లో మేం రెండుసార్లు అడిగితే గానీ అర్థం చేసుకోలేం. ఉస్తాద్‌కు ఒక్కసారికే అర్థమయ్యాయి. "బడే మియా చెప్పింది కరెక్ట్, అటు తిప్పితే మూత సీటుకు తగుల్తది" అన్నాడు. అబ్బా మొహంలో ఆ రోజు కనబడిన ఖుషీ దవాఖానా నుంచి వచ్చాక మేం చూసింది లేదు.

నికా రోజు అబ్బాను పట్టుకుని ఆ సీటులో కూర్చోబెట్టాం. సీటు కదల్లేదు. నేను నడిపాను. స్టేషన్ రోడ్డు మలుపులో ఆయన ఎడమ పాదం లేని క్లచ్చును తొక్కింది. "సెకండ్ ఎయ్" అన్నాడు. వేశాను.

డబ్బాకు తాళం వేయించాను. తాళంచెవి మాత్రం అబ్బా హుకుం ప్రకారం గుమ్మం పక్క మేకుకు వేలాడుతుంది. గల్లీలో ఎవరి బండి ఆగినా పానా అడగడానికి మా తలుపే కొడతారు. పని అయ్యాక తెచ్చి పెడతారు. ఇప్పటిదాకా ఒక్క స్క్రూడ్రైవర్ కూడా పోలేదు, అల్‌హమ్దులిల్లాహ్.