ఇంటికి తగిన కెమెరా

కెమెరా కొనుట పురుషుల పనియను భావము మన యిండ్లలో నింకను బోలేదు. అంగడివాడు సైతము ధర చెప్పునపుడు మన వెంట వచ్చినవారి ముఖమే చూచును. కాని బిడ్డ మొదటి యడుగు వేయు వేళ, అత్తగారు తులసికోట చెంత దీపము పెట్టు వేళ, దగ్గర నుండువార మెవరము? స్త్రీల చిత్రములను స్త్రీయే తీయుట మన ప్రాంతమున క్రొత్తయు గాదు. 1892లోనే రాజా దీన్ దయాళ్‌గారు హైదరాబాదున పరదా స్త్రీలకై జెనానా స్టూడియో తెఱచి, దాని నొక దొరసాని యధీనమున నుంచిరి.

మా యింటి గోడమీద మామగారి పటమొక్కటే యున్నది. వారు స్వర్గస్థులైన పిమ్మట ఉద్యోగపు గుర్తింపుకార్డులోని బొమ్మను పెంచి చేయించినది. పూలదండ నడుమ ఆ ముఖము మసకగా గానవచ్చును. తాతగారు నవ్విన నెట్లుండెడివారని మా చిన్నది యడుగును. అత్తగారికిపుడు డెబ్బదియెనిమిదేండ్లు. ఆమె విషయమున నట్లు జరుగరాదని మావారును నేనును నిశ్చయించుకొంటిమి. బడిపంతులుగారి జీతములో నెంత కొనగలమో మీ రెఱుంగనిది కాదు.

ఫోను చాలదా యందురేమో. వాకిట యెండలో చాలును, చక్కగానే వచ్చును. చిక్కంతయు లోపలి గదిలో, సాయంసమయమున. ఫోనులో వెలుగును పట్టు పలక మిక్కిలి చిన్నది. వెలుతురు తగ్గినపుడు పుట్టు మచ్చలను కప్పిపుచ్చుటకై యది చర్మమును మైనపు బొమ్మవలె నునుపు చేయును. అత్తగారి ముడుతలు తుడిచివేసిన పిమ్మట మిగులునది యెవరి ముఖము? ఫ్లాషు వెలిగించితిమా, ఆమె కన్నులు మూసికొనును. దీపపు వెలుగును చచ్చును.

అంగడిలో మొదట వినవచ్చునది మెగాపిక్సెళ్ల గొప్ప. ఆఱంగుళముల పొడవు, నాలుగంగుళముల వెడల్పుగల చిత్రము నచ్చువేయుటకు, అంగుళమునకు 300 చుక్కల చొప్పున, 22 లక్షల చుక్కలు చాలును. పండ్రెండంగుళముల పొడవు, ఎనిమిదంగుళముల వెడల్పుగల పటమునకైనను 87 లక్షలు మించవు. కావున కోటి యిరువది లక్షలున్న పాత కెమెరాయైనను మన గోడకు ధారాళముగ సరిపోవును. ఆ మిగిలిన ధనమును కటకముపై వెచ్చింపవలెను. కటకపు రంధ్రమును తెలుపు సంఖ్య యెంత తగ్గిన, రంధ్ర మంత పెద్దది. (తక్కువ మార్కులు వచ్చినవాడే మొదటివాడా యని మా చిన్నది నవ్వినది.) కెమెరాతో గలిపి యిచ్చు సాధారణ కటకము ముందుకు లాగినపుడు 5.6 కడ నిలుచును, 1.8 గలది దానికన్న దాదాపు పదిరెట్ల వెలుగును లోనికి విడుచును. 50 మిల్లీమీటర్ల కటకము చవుక యని తొందరపడకుడు. చిన్న సెన్సర్ కెమెరాలపై నది 75 వలె పనిచేయును. మన గదులలో వెనుకకు జరిగి జరిగి వీపు గోడకు తగులును. 35 గలదే మేలు.

మేము కెమెరాను వాడినదే తీసికొంటిమి, కటకమును మాత్రము క్రొత్తది. వాడిన కటకమును కొనువారు దానిని దీపమున కెదురుగ బట్టి చూడవలెను. సాలెగూటివంటి దారములు కనబడిన నది బూజు; తేమగల సముద్రతీరపు టూళ్లలో నిది తఱచు. ఇంటికి దెచ్చిన పిదప గట్టిమూత డబ్బాలో సిలికా జెల్ పొట్లములతో నుంచుడు. తనంత తానే పది సెకనులకు చిత్రము తీయు నేర్పాటు గలదో లేదో అంగడిలోనే యడుగుడు. లేనిచో నింటిల్లపాదియు పటములో నుందురు, తీసిన తల్లి తక్క.

చిత్రములను రెండుచోట్ల దాచి, మంచివానిని నెలకు నాలుగైన నచ్చు వేయించి, వెనుక మెత్తని పెన్సిలుతో పేరును సంవత్సరమును వ్రాయుడు. అత్తగారి పెండ్లినాటి గుంపు చిత్రమున నెడమ చివర నిలుచున్న బాలిక పేరు నేడామె కొక్కతెకే తెలియును. మొన్ననే యడిగి వ్రాసికొంటిని.