బండి ఎలా ఉంది మాస్టారూ?

రేపల్లెలో తెల్లవారుజామున నాలుగున్నరకు తాళం తిప్పితే ఇంజిన్ అందుకోవాలి. లేకపోతే ఆరున్నరకల్లా గుంటూరులో డయాలసిస్ మంచం మీద ఉండాల్సిన మనిషి ఇంటి అరుగు మీదే కూర్చుండిపోతుంది. ఆ రిటైర్డ్ లెక్కల మాస్టారు కారు గురించి తెలుసుకోదలచింది అంతవరకే. రంగు, పికప్, పాటల హోరు, పార్కింగ్ కెమెరా ఆయన జాబితాలో లేవు.

2022 వేసవిలో ఆయన భార్యకు వారానికి మూడుసార్లు డయాలసిస్ తప్పదని డాక్టర్లు తేల్చేశారు. తెనాలిలో ఖాళీ దొరకలేదు. ఆమెను మొదటి నుంచీ చూస్తున్న డాక్టరు గుంటూరులో ఉన్నారు. మొదటి రెండు నెలలు అద్దె కారులో తిరిగారు. ట్రిప్పుకు 2,500 రూపాయలు, నెలకు 13 ట్రిప్పులు. పింఛను ఎటు నుంచి వచ్చి ఎటు పోతోందో తెలియని పరిస్థితి. రిటైరైనప్పుడు వచ్చిన డబ్బులో మిగిలిన ఆరు లక్షలతో సొంత బండి కొనాలని నిర్ణయించుకున్నారు. ఆ డబ్బుకు ఆయన కోరుకున్న పాటి బండి కొత్తది రాదు. వాడిందే కొనాలి.

ఆయన ముందు కాగితం తీసుకుని లెక్క వేశారు. రానుపోను 120 కిలోమీటర్లు. వారానికి 360. ఏడాదికి 19 వేలకు కాస్త తక్కువ. అయిదేళ్లకు 93 వేలు పైచిలుకు. అంటే ఇప్పటికే 60, 70 వేలు తిరిగిన బండి కొంటే, అది లక్షా అరవై వేలు దాటేదాకా మాట వినాలి. ఈ సంగతి షోరూం వాళ్లు చెప్పలేరు. పత్రికల్లో కార్లను పరీక్షించేవాళ్లు కూడా చెప్పలేరు, వాళ్లు నాలుగు రోజులు నడిపి తాళాలు తిరిగిచ్చేస్తారు. చెప్పగలిగింది అంత దూరం నడిపిన యజమానులే. కాబట్టి వాళ్లనే అడగాలి.

రెండు వందల పేజీల నోటు పుస్తకం కొని ఆయన బయల్దేరారు. పెళ్లిళ్లలో, బ్యాంకులో, ఆసుపత్రి ఆవరణలో, రైల్వే స్టేషన్ ముందు టాక్సీ స్టాండులో ఒకటే ప్రశ్న. "బండి ఎలా ఉందండీ?" మొదటి పద్నాలుగు మందిలో పదమూడు మంది చెప్పిన జవాబు దాదాపు ఒకటే. "బండికేమండీ, బంగారం." పద్నాలుగో ఆయన మాత్రం "పీడాకారం, అస్సలు కొనొద్దు" అన్నారు. ఆ పీడాకారం, అంతకు ముందు ముగ్గురు బంగారమన్న మోడలే.

ఇందులో ఆశ్చర్యమేం లేదు. ఎనిమిది లక్షలు పోసి కొన్నవాడు తన ఎంపిక తప్పని నలుగురిలో ఎందుకు ఒప్పుకుంటాడు? కొత్తల్లుడి గురించి అడిగితే ఏ అత్తగారైనా ఏం చెబుతుంది? పైగా అబద్ధం చెప్పాలన్న ఉద్దేశం కూడా ఎవరికీ ఉండదు. మనిషి మరిచిపోతాడు, అంతే. ఈ సంగతి మాస్టారికి తన ఇంట్లోనే రుజువైంది. 1996లో కొన్న చిన్న కారును ఆయన పద్నాలుగేళ్లు నడిపారు. అది ఒక్కరోజు కూడా దారిలో ఆగలేదని ఎవరు అడిగినా చెప్పేవారు. ఒకరోజు ఈ మాట విన్న భార్య పక్కగదిలోంచే అందుకుంది. "ఏవండీ, చిలకలూరిపేట దగ్గర క్లచ్ వైరు తెగి, మా చిన్నాన్న కూతురి పెళ్లికి మనం తలంబ్రాలు అయిపోయాక చేరలేదూ?" ఆయనకు ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. పెళ్లి గుర్తుంది. భోజనం గుర్తుంది. తెగిన వైరు గుర్తు లేదు.

దాంతో ప్రశ్న మార్చారు. ఎలా ఉందని అడగడం మానేశారు. ఆఖరుసారి రోడ్డు మీద ఎప్పుడు ఆగింది? అప్పటికి ఎన్ని కిలోమీటర్లు తిరిగింది? ఏ భాగం పోయింది? షెడ్డులో ఎన్నిరోజులుంది? బిల్లు ఎంతయింది? ఇలా అడిగితే బంగారం అన్నవాళ్లే కాసేపు ఆలోచించి, "ఆ... 80 వేల దగ్గర ఇంజెక్టరు పోయిందనుకోండి" అనడం మొదలెట్టారు. కొందరు ఇంట్లోకి వెళ్లి బిల్లుల కట్ట తెచ్చారు. టాక్సీ డ్రైవర్ల జవాబులు మరో రకం. "ట్రబులేం లేదు సార్" అన్న డ్రైవరు, రెండు క్లచ్ ప్లేట్లు, ఒక సెట్టు సస్పెన్షన్ బుష్‌లు మార్చాడని పది నిమిషాల తర్వాత తేలింది. అతని దృష్టిలో అవి రిపేర్లు కావు, ఖర్చులు. బండి ఆగి కిరాయి పోతేనే రిపేరు. అదీ సబబే.

విజయవాడ ఆటోనగర్‌లో మాస్టారి పాత శిష్యుడికి షెడ్డు ఉంది. పదో తరగతి లెక్కల్లో బొటాబొటిగా గట్టెక్కిన కుర్రాడు. నోటు పుస్తకం తిరగేసి అతనన్న మాట ఆయనను రెండురోజులు నిద్రపోనివ్వలేదు. "మాస్టారూ, నడుపుతున్నోళ్లనే అడిగారు. విసుగొచ్చి అమ్ముకున్నోళ్లు ఏరీ? తుక్కు కింద పోయిన బళ్లు ఇందులో ఎక్కడున్నాయి?" నిజమే. పదేళ్ల బండిని ఇంకా నడుపుతున్న మనిషి దాన్ని మెచ్చుకోక ఏం చేస్తాడు? తిట్టుకునేవాడు ఎప్పుడో వదిలించుకున్నాడు.

అయితే శిష్యుడి మాటనూ మాస్టారు మొత్తంగా నెత్తికెత్తుకోలేదు. అతని షెడ్డులో ఆ రోజు తొమ్మిది కార్లుంటే నాలుగు ఒకే మోడలువి. "ఇది చెత్త బండి, రోజూ ఇదే వస్తది" అన్నాడతను. ఊళ్లో ఎక్కువగా తిరిగేదే ఆ బండి అయితే షెడ్డుకు ఎక్కువగా వచ్చేదీ అదే కదా! లవం ఒక్కటే చూసి హారం మరిస్తే భిన్నం ఎలా తెలుస్తుంది? ముప్పై మూడేళ్లు ఆరో తరగతి పిల్లలకు చెప్పిన పాఠమే. బజార్లో దొరికే కారు కబుర్లన్నిటిలోనూ లవమే ఉంటుంది, "మా బావమరిది బండి ఆగిపోయింది" అని. ఎన్ని బళ్లలో అది ఒకటన్నది ఎవరూ చెప్పరు.

హారం ఉన్న లెక్కలు డాలస్‌లో ఉన్న మేనల్లుడు పంపించాడు. "మావయ్యా, ఇక్కడ ఇవి చూడకుండా ఎవరూ కొనరు" అని ఫోన్‌లో ఊరించాడు. అమెరికాలో కన్స్యూమర్ రిపోర్ట్స్ పత్రిక తన సభ్యులను ఏటా అడిగి, ఏ మోడలు ఏ ఏడాది బండికి ఏ భాగం ఇబ్బంది పెట్టిందో పట్టికలు వేస్తుంది. జె.డి. పవర్ సంస్థ మూడేళ్లు వాడిన కార్లలో ప్రతి వంద బళ్లకు ఎన్ని సమస్యలో లెక్క కడుతుంది. మాస్టారికి అవి చూస్తే ముచ్చటేసింది. కానీ రెండు పేచీలు కనబడ్డాయి. ఈ రెండో లెక్కలో ఫోన్ కారుకు కనెక్ట్ కాకపోవడం ఒక సమస్య, గేర్‌బాక్స్ పోవడం ఒక సమస్య. రెండూ ఒక్కటే అంకె. ఇక అక్కడ మెచ్చుకున్న బళ్లలో చాలావరకు మన రోడ్డు మీద లేవు. ఉన్నా పేరు ఒకటే, ఇంజిన్ వేరు.

ఆయనకు బాగా నచ్చింది జర్మనీ వాళ్ల పద్ధతి. అక్కడ ఏడీఏసీ అనే వాహనదారుల క్లబ్బు, రోడ్డు పక్కన ఆగిపోయిన సభ్యుల దగ్గరకు తన మెకానిక్కులను పంపుతుంది. వాళ్లు వెళ్లిన ప్రతిచోటా ఏం పోయిందో రాసుకుని ఏటా ప్రచురిస్తుంది. ఇందులో యజమాని అభిప్రాయంతో పని లేదు, బండి ఆగిందా లేదా అంతే. ఇటీవలి ఏళ్లలో ఆ లెక్కల ప్రకారం ఆగిపోయిన బళ్లలో 40 శాతానికి పైగా కేసుల్లో దోషి స్టార్టర్ బ్యాటరీ. లక్షలు పోసి కొన్న యంత్రం అయిదారు వేల రూపాయల డబ్బా దగ్గర ఓడిపోతోందన్న మాట. అలాంటి లెక్క మన దేశానికి సంబంధించి మాస్టారికి ఎక్కడా దొరకలేదు. ఆయన దగ్గరున్నది నోటు పుస్తకమే.

ఆ పుస్తకంలో ఒక వింత బయటపడింది. ఫియట్ రూపొందించిన 1.3 లీటర్ల డీజిల్ ఇంజిన్ ఒకప్పుడు మన రోడ్ల మీద ఎంతగా కనిపించేదంటే దాన్ని సరదాగా జాతీయ ఇంజిన్ అనేవారు. మారుతి, టాటా, ఫియట్ మూడూ తమ కార్లలో అదే వాడాయి. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 నిబంధనలు రావడంతో మారుతి డీజిల్ కార్లకే స్వస్తి చెప్పింది. ఇంజిన్ ఒకటే అయినప్పుడు యజమానుల మాట కూడా దాదాపు ఒకటే ఉండాలి కదా? లేదు. ఒక బండి గురించి గంధర్వగానం, మరో బండి గురించి శాపనార్థాలు. తరచి చూస్తే వాళ్లు మాట్లాడుతున్నది చాలాసార్లు ఇంజిన్ గురించి కాదు. తమ ఊళ్లో సర్వీస్ సెంటర్ గురించి, విడిభాగం ఎన్నాళ్లకు వచ్చిందన్న దాని గురించి, అక్కడి సూపర్‌వైజర్ మర్యాద గురించి.

ఎవరు ఎలా నడిపారన్నది మరో చిక్కు. హైదరాబాద్‌లో ఏడాదికి 3 వేల కిలోమీటర్లు తిరిగే అపార్టుమెంటు కారు అయిదేళ్లు పువ్వులా ఉందంటే దానర్థం అది 15 వేలే తిరిగిందని. బీఎస్-6 డీజిల్ కార్లలో పొగలోని మసిని పట్టే ఫిల్టరు పూడుకుపోతోందని నగరంలో ముగ్గురు వాపోయారు. ఆ మసి కాలిపోవాలంటే బండి కాసేపు ఆగకుండా వేగంగా పోయి సైలెన్సర్ దారి బాగా వేడెక్కాలి. సిగ్నల్ నుంచి సిగ్నల్‌కు పాకే బండికి ఆ యోగం ఉండదు. రోజు విడిచి రోజు ఒక పూటలో 60 కిలోమీటర్లు ఏకబిగిన పోయే మాస్టారికి ఆ ఫిర్యాదు వర్తించదు. అందుకని తనలా తిరిగేవాళ్ల పేజీలకు మాత్రమే ఎర్రసిరా గీత పెట్టుకున్నారు. 31 మందిలో వాళ్లు తొమ్మిది మంది.

ఈ తొమ్మిదిలో అయిదుగురిని పట్టింది ఆయన కాదు, ఆయన భార్య. యంత్రం పక్కన నాలుగు గంటలు పడుకోవాలి. చుట్టూ ఉన్నవాళ్లందరూ వారానికి మూడుసార్లు దూరాభారం నుంచి వచ్చేవాళ్లే. ఆమె అడిగే ప్రశ్న ఒక్కటే. "మీ బండి వల్ల ఎప్పుడైనా మీకు డయాలసిస్ ఆలస్యమైందా?" దానికి ఎవరూ గొప్పలు చెప్పుకోలేదు. ఎవరూ మరిచిపోలేదు కూడా. ఆలస్యమైన రోజు ఊపిరి ఎలా ఆడలేదో, కాళ్లు ఎంత వాచాయో తేదీతో సహా చెప్పారు. ఆ మధ్యాహ్నాల్లో ఆమె సేకరించిన సమాచారం ముందు ఆయన పెళ్లిళ్ల సర్వే ఎందుకూ కొరగాలేదు.

చివరికి మూడు మోడళ్లు మిగిలాయి. వాటిలో నోటు పుస్తకం ప్రకారం అన్నిటికంటే తక్కువసార్లు ఆగిన కారును తయారుచేసిన కంపెనీ మన మార్కెట్ వదిలి వెళ్లిపోయింది. ఇలాంటివి కొత్త కాదు. జనరల్ మోటార్స్ 2017 ఆఖరున ఇక్కడ అమ్మకాలు ఆపేసింది. ఫోర్డ్ 2021 సెప్టెంబర్‌లో ఇక్కడ తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. యజమానుల అనుభవమంతా గడిచిన కాలానిది, కంపెనీ ఉన్న రోజులది. రేపు ఒక సెన్సర్ కోసం నెలరోజులు ఎదురుచూడాల్సి వస్తే? "స్పేర్లు దొరుకుతున్నాయి మాస్టారూ, భయపడకండి, ధర కూడా కలిసొస్తది" అని శిష్యుడు నచ్చజెప్పాడు. ఆయన ఒప్పుకోలేదు. ఇది కాస్త అతి జాగ్రత్తేనేమో. అదే మోడలులో ఇప్పటికీ ఒకాయన బాపట్ల నుంచి అదే ఆసుపత్రికి వస్తున్నారు.

2022 సెప్టెంబర్‌లో ఆయన కొన్నది రెండో స్థానంలో ఉన్నది. 2017 నాటి బీఎస్-4 డీజిల్ సెడాన్, 68 వేల కిలోమీటర్లు తిరిగింది, ధర 5,40,000. మోడలు మంచిదైనంత మాత్రాన ఈ బండి మంచిదని కాదు కాబట్టి శిష్యుడు ఒక పూటంతా దాని కిందే పడుకున్నాడు. మీటరు వెనక్కి తిప్పలేదని నమ్మకం కుదరడానికి సర్వీస్ రికార్డు తెప్పించాడు. స్టెప్నీ టైరు మీద నాలుగు అంకెలు చూపించాడు. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. స్టెప్నీ 2017ది, దాదాపు వాడనే లేదు. మిగతా నాలుగూ 2021వి. 50 వేల దాకా నడిచిన మొదటి సెట్టు అరిగాక మార్చారన్న యజమాని మాటకు అది సరిపోయింది.

మూడేళ్లలో బండి 56 వేలు తిరిగింది. బ్యాటరీని మాస్టారు రెండున్నరేళ్లకే, అది బాగుండగానే మార్చేశారు. జర్మనీ వాళ్ల లెక్క ఆయన మీద ఆ మాత్రం పనిచేసింది. క్లచ్ సెట్టు, ముందు బుష్‌లు నోటు పుస్తకం ఊహించిన కిలోమీటర్లకు అటూ ఇటూగా వచ్చాయి. ఎవరూ చెప్పనిది ఒకటి జరిగింది. 2025 జూలైలో ఒకరోజు తెల్లవారుజామున నారాకోడూరు దగ్గర బానెట్ లోంచి ఆవిరి. రేడియేటర్ పైపు పగిలింది. ఆటో దొరికేసరికి ఇరవై నిమిషాలు. ఆసుపత్రిలో ఆమె వంతు ఇంకొకరికి ఇచ్చేశారు, గంటన్నర ఆలస్యం. సాయంత్రం శిష్యుడికి ఫోన్ చేస్తే అతను నొచ్చుకున్నాడు. "రబ్బరు మాస్టారూ. ఎనిమిదేళ్లయింది. ఏ కంపెనీదైనా అంతే. నేనే ముందు మార్చేయాల్సింది." 31 మందిలో ఎవరి బండీ ఎనిమిదేళ్లది కాదని ఆ రాత్రి పుస్తకం తిరగేస్తే తెలిసింది.

రెండు వారాల తర్వాత ఆసుపత్రి ఆవరణలో వేపచెట్టు కింద కూర్చుని ఉంటే రేపల్లె వైపు నుంచే కొత్తగా వస్తున్న ఓ కుర్రాడు దగ్గరకొచ్చాడు. వాళ్ల నాన్నకు మూడోవారం. అద్దె బళ్లు భరించలేకపోతున్నారు.

"బండి ఎలా ఉంది మాస్టారూ?"

"బండికేం బాబూ, బంగారం" అనేశారాయన.

కుర్రాడు బండి నంబరు ప్లేటు వైపు చూసుకుంటూ గేటు దాకా వెళ్లాడు. మాస్టారు లేచి అతన్ని కేకేశారు. కారులోంచి నోటు పుస్తకం తీసి, జూలై పేజీ తెరిచి, ముందు అది చదవమన్నారు.